అకౌంట్లో పడ్డది జీతం కాదు

(ఆన్‌లైన్‌లో ఫ్రీలాన్స్ పని చేసేవారి కోసం రాజమహేంద్రవరంలో జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో వెబ్‌సైట్లు కట్టేవాళ్లు, లోగోలు గీసేవాళ్లు, వీడియో ఎడిటర్లు, అనువాదకులు, యాప్‌లు రాసేవాళ్లు, పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే టీచర్లు కూడా ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలకు టెక్నికల్ రైటింగ్ చేస్తాను. పనులు వేరైనా మనందరి ఇబ్బంది ఒకటే కాబట్టి నేరుగా అందులోకే వస్తాను.

పోయిన ఆర్థిక సంవత్సరంలో మీకు మొత్తం ఎంత వచ్చిందో చెప్పగలిగినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మంచిది. ఇప్పుడు ఖర్చులన్నీ పోను ఎంత మిగిలిందో కూడా చెప్పగలిగినవాళ్లు మాత్రమే చెయ్యి అలాగే ఉంచండి. మిగతావాళ్లు దించేయండి. చూశారా, నలుగురైదుగురు మిగిలారు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ దిగిపోయిన చేతుల గురించే.

పనితనంలో మనవాళ్లకు లోటు లేదు. కాకినాడలో కూర్చుని కెనడా ఆసుపత్రికి యాప్ చేసి ఇచ్చే పిల్లలున్నారు. వచ్చిన డబ్బును మనం ఎలా చూస్తున్నామన్న దగ్గరే తేడా వస్తోంది. నెలాఖరుకి అకౌంట్లో 60 వేలు పడితే "నా జీతం 60 వేలు" అంటున్నాం. అది జీతం కాదు. అది వ్యాపారపు రాబడి. కిరాణా కొట్టు నడిపే ఆయన రాత్రి గల్లాపెట్టెలో ఉన్న 20 వేలూ తన సంపాదన అనుకోడు. అందులో సరుకు తెచ్చినవాడికి ఇవ్వాల్సింది ఉంది, కొట్టు అద్దె ఉంది, కరెంటు బిల్లు ఉంది, కుర్రాడి జీతం ఉంది. ఇవన్నీ తీసేశాక మిగిలిందే ఆయనది. పెద్ద చదువులు చదవని మనిషికి కూడా తెలిసిన ఈ సంగతి, ల్యాప్‌టాప్ ముందు కూర్చునేసరికి మనకు గుర్తుండటం లేదు.

ఉద్యోగికి జీతంతోపాటు కంపెనీ ఏమేం పెడుతుందో ఒకసారి తలుచుకోండి. మూల వేతనం మీద 12 శాతం ప్రావిడెంట్ ఫండ్‌లో తన వంతుగా వేస్తుంది. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ. గ్రూపు ఆరోగ్య బీమా. సంక్రాంతికి సెలవు పెట్టినా జీతం వస్తుంది. జ్వరం వచ్చి పడుకున్నా వస్తుంది. ల్యాప్‌టాప్ వాళ్లదే, కుర్చీ వాళ్లదే, ఏసీ వాళ్లదే. పన్ను కూడా వాళ్లే కోసి కడతారు. మనకు ఇవేవీ లేవు. ఇవన్నీ మన రాబడిలోంచే మనం పెట్టుకోవాలి. అందుకే 60 వేల జీతం, 60 వేల రాబడి ఒకటి కావు.

ఇక రేటు సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపే ఉంటాను, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి. గంటకు ఎంత తీసుకుంటున్నావని ఎవరినైనా అడిగితే "అందరూ 400 అంటున్నారు, నేనూ అంతే" అంటారు. ఆ అందరూ ఎవరు? వాళ్ల ఖర్చులేంటి? వాళ్లకి సొంత ఇల్లుందా, అద్దె ఇల్లా? మనకు తెలియదు. రేటు పక్కవాణ్ణి చూసి పెట్టేది కాదు, ఏడాది చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చేది.

పెన్ను, కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. ఇంటికి నెలకు 50 వేలు కావాలనుకుందాం. ఏడాదికి 6 లక్షలు. ఇప్పుడు ఖర్చులు. 75 వేలు పెట్టి కొన్న ల్యాప్‌టాప్ మూడేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 25 వేలు. ఇంటర్నెట్‌కి 12 వేలు. ఇన్వర్టర్‌కీ, లైను పోతే వాడుకునే రెండో కనెక్షన్‌కీ 10 వేలు. సాఫ్ట్‌వేర్ చందాలు 25 వేలు. ఆరోగ్య బీమా 20 వేలు. ఆడిటర్ ఫీజు 8 వేలు. అన్నీ కలిపి లక్ష. ఆ తర్వాత, కంపెనీ వేసే పీఎఫ్‌కి బదులుగా మనమే దాచుకోవాల్సింది 6 లక్షల మీద 12 శాతం చొప్పున 72 వేలు. మొత్తం 7,72,000. ఇంకా అయిపోలేదు. పని అప్‌వర్క్ లాంటి ఏదైనా ప్లాట్‌ఫాం ద్వారా వస్తే వాళ్లు 10 శాతం పట్టుకుంటారనుకుందాం. డాలర్లు రూపాయలయ్యే దగ్గర ఇంకో 2 శాతం తరుగు అనుకుందాం. ఆ రెండూ పోను మన చేతికి 7,72,000 రావాలంటే క్లయింటు దగ్గర వసూలయ్యేది 8,75,000 దాకా ఉండాలి.

ఇక గంటలు. ఏడాదికి 52 వారాలు. పండగలు, పెళ్లిళ్లు, ఒంట్లో బాగోకపోవడం, వీటికి నాలుగు వారాలు తీసేయండి. 48 మిగిలాయి. వారానికి అయిదు రోజులు. రోజుకి ఎనిమిది గంటలు కూర్చున్నా ఎనిమిదింటికీ బిల్లు వేయలేం. ప్రపోజళ్లు రాయాలి, మెయిళ్లకు జవాబివ్వాలి, కొత్త విషయాలు నేర్చుకోవాలి, బకాయిలకు వెంటపడాలి. బిల్లు వేయగలిగేది అయిదు గంటలనుకుందాం. 48 వారాలు, అయిదు రోజులు, అయిదు గంటలు, మొత్తం 1,200 గంటలు. 8,75,000ని 1,200తో భాగిస్తే గంటకు 729 రూపాయలు.

అదే మనిషి "అందరిలాగే" 400కి చేస్తే ఏమవుతుంది? 1,200 గంటలకు 4,80,000. ప్లాట్‌ఫాం వాటా, మార్పిడి తరుగు పోను 4,23,000 చిల్లర. లక్ష ఖర్చులు పోతే 3,23,000. నెలకు 27 వేలు. అందులోంచే పీఎఫ్, అందులోంచే ఇల్లు. పేరుకి గంటకు 400, ఏడాదికి దాదాపు 5 లక్షలు. చేతిలో మాత్రం నెలకు 27 వేలు. ఆ దిగిపోయిన చేతుల్లో ఎంతమంది ఈ 27 వేల దగ్గర ఉన్నారో అని నాకు నిజంగా బెంగగా ఉంటుంది. వాళ్లు పగలూ రాత్రీ పనిచేస్తున్నారు. ఇంకో రెండు గంటలు పెంచితే సరిపోతుందనుకుంటున్నారు. ఒళ్లు పాడు చేసుకోవడమే తప్ప గంటలు పెంచితే ఇది తీరదు.

ఇవి నా అంకెలు. మీ అంకెలు మీరు వేసుకోండి. అమ్మానాన్నల మందుల ఖర్చు ఉంటే అది కలపండి, చెల్లెలి ఫీజు కడుతుంటే అది కలపండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. మొదట్లో రేటింగ్ కోసం తక్కువకి చేయాల్సి వస్తే చేయండి, కానీ మీ అసలు రేటు ఎంతో తెలిసి తగ్గించండి. ఎంత వదులుకుంటున్నారో తెలియకుండా తగ్గించకండి. ఆ తగ్గింపు ఎన్ని ప్రాజెక్టుల వరకో ముందే అనుకోండి.

ప్లాట్‌ఫాంల గురించి రెండు ముక్కలు. అవి మంచివా చెడ్డవా అనే వాదనలోకి నేను వెళ్లను. ఊరూ పేరూ తెలియని మనకు మొదటి క్లయింటుని అవే చూపిస్తాయి. ఫిక్స్‌డ్ ప్రైస్ పనుల్లో డబ్బు ముందే ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా ప్లాట్‌ఫాం దగ్గర భద్రంగా ఉంటుంది. అప్‌వర్క్‌లో అయితే పని అప్పగించాక క్లయింటు 14 రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే డబ్బు దానంతటదే మనకు విడుదలవుతుంది. ఇది చిన్న రక్షణ కాదు. కానీ ఒక చరిత్ర చూడండి. 1999లో మొదలైన ఈలాన్స్, ఆ తర్వాత వచ్చిన ఓడెస్క్ 2013లో కలిసిపోయి, 2015లో అప్‌వర్క్ అయ్యాయి. 2016 దాకా వాళ్ల వాటా 10 శాతం. 2016లో దాన్ని మార్చి, ఒక్కో క్లయింటు దగ్గర మన బిల్లు పెరిగేకొద్దీ 20, 10, 5 శాతంగా చేశారు. 2023లో మళ్లీ అందరికీ 10. 2025లో 0 నుంచి 15 శాతం మధ్య, కాంట్రాక్టును బట్టి. ఫైవర్ అయితే అమ్మేవాళ్ల దగ్గర 20 శాతం తీసుకుంటుంది. ఈ మార్పుల్లో ఏ ఒక్కటీ మనల్ని అడిగి చేసింది కాదు, చేయరు కూడా. అది వాళ్ల వ్యాపారం. మన రాబడి మొత్తం వాళ్ల చేతిలో ఉంటే మన వ్యాపారం కూడా వాళ్లదే అయిపోతుంది.

అలాగని ప్లాట్‌ఫాంలో దొరికిన క్లయింటుని చాటుగా బయటికి లాక్కురమ్మని నేను చెప్పడం లేదు. పరిచయమైన రెండేళ్ల దాకా చెల్లింపులు తమ ద్వారానే జరగాలని అప్‌వర్క్ నియమం. దాన్ని మీరితే ఖాతా పోతుంది, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న రివ్యూలు పోతాయి. నేను చెప్పేది వేరే దారి వేసుకోమని. క్లయింట్లలో కొంత భాగం ప్లాట్‌ఫాంతో సంబంధం లేకుండా వచ్చేలా చూసుకోండి. అందుకు నా అనుభవంలో అన్నిటికన్నా పనికొచ్చింది, ఒక రంగాన్ని పట్టుకోవడం. "కంటెంట్ రైటర్‌ని, ఏదైనా రాస్తాను" అనే వ్యక్తి వేలమందిలో ఒకడు. భీమవరం వైపు రొయ్యల చెరువుల మధ్య పెరిగి, మేత సంగతీ, కిలోకి ఎన్ని రొయ్యలనే కౌంట్ సంగతీ, ప్రాసెసింగ్ ప్లాంటులో ఏం జరుగుతుందో తెలిసినవాడు "రొయ్యల ఎగుమతిదారులకు వెబ్‌సైట్లు, కేటలాగులు చేస్తాను" అంటే అతనితో పోటీపడేవాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గుంటూరు మిర్చి వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాళ్లు, పోచంపల్లి మగ్గాల గురించి తెలిసినవాళ్లు, ఆసుపత్రి బిల్లింగ్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్లు ఈ హాల్లో ఉండే ఉంటారు. ఆ తెలిసినదాన్ని ప్రొఫైల్ అడుగున దాచిపెట్టి, ఒక కోర్సులో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ పేరు పైన పెడుతున్నారు. తిరగేయండి.

ఇప్పుడు ఒప్పందం. మనవాళ్లకు ఇది మొహమాటం. "అంత మంచిగా మాట్లాడాడండీ, కాగితం అడిగితే ఏమనుకుంటాడో" అంటారు. ఏమీ అనుకోడు. వ్యాపారం చేసేవాడైతే అడగకపోతేనే అనుమానిస్తాడు. పెద్ద స్టాంపు పేపరు అక్కర్లేదు. ఒక పేజీ మెయిల్ చాలు. "ఇవి షరతులు, మీకు సమ్మతమైతే జవాబివ్వండి" అని పంపి, "సరే" అని వాళ్లు జవాబిస్తే అది ఒప్పందమే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలో 10ఏ సెక్షన్ చెబుతోంది. అయితే ఆ పేజీలో ఏముండాలి? ఏం చేస్తామో, ఏం చేయమో రెండూ ఉండాలి. ఎన్నిసార్లు మార్పులు ఉచితం, ఆ తర్వాత మార్పుకి ఎంత. అడ్వాన్సు ఎంత, మిగతాది ఎప్పుడు. వాళ్లు మధ్యలో పని ఆపేస్తే అప్పటిదాకా చేసినదానికి ఎంత. ఏ వేళల్లో ఫోనుకి దొరుకుతామో కూడా రాయండి. అమెరికా తూర్పు తీరానికీ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. అది రాసుకోనివాళ్లు రాత్రి రెండింటికి మీటింగులో ఉంటున్నారు.

ఇందులో చాలామంది పట్టించుకోనిది కాపీరైటు. కాస్త శ్రద్ధగా వినండి, ఇది మన ఆస్తి. మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 17వ సెక్షన్ ప్రకారం రచన మీద మొదటి హక్కుదారు రచయితే. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే యజమానిది. మనం ఉద్యోగులం కాదు. కాబట్టి ఒక వ్యాసం రాసినా, ప్రోగ్రాం రాసినా, మనం రాతపూర్వకంగా బదిలీ చేసేదాకా అది మనదే. ప్రోగ్రాంలను కూడా ఈ చట్టం సాహిత్య రచనల కిందే లెక్కిస్తుంది. 19వ సెక్షన్ ప్రకారం బదిలీ కాగితం మీద ఉండాలి, సంతకం ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. ఫొటోలు, చిత్రపటాలు, సినిమాలకు వేరే నియమం ఉంది. డబ్బిచ్చి చేయించుకుంటే, వేరేగా రాసుకోకపోతే, హక్కు చేయించుకున్నవారిదే. అందుకే ఇక్కడున్న ఫొటోగ్రాఫర్లు, బొమ్మలు వేసేవాళ్లు కాగితం విషయంలో మాలాంటి రాతగాళ్లకన్నా ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

దీనివల్ల మనకేంటి ఉపయోగం? ఒప్పందంలో ఒకే వాక్యం పెట్టండి: పూర్తి సొమ్ము అందిన రోజున హక్కులు మీకు బదిలీ అవుతాయి. డబ్బు ఎగ్గొట్టి మన కోడ్ వాడుకునేవాడికి అప్పుడు మనం "బాకీ కట్టండి" అని బతిమాలాల్సిన పని లేదు. "మీరు నా ఆస్తిని అనుమతి లేకుండా వాడుతున్నారు" అని నోటీసు ఇవ్వవచ్చు. ఆ రెండు మాటల బరువు వేరు.

బాకీల మాట వచ్చింది కాబట్టి. హైదరాబాద్‌లో ఒక సంస్థ, పేరు వద్దు, ఒక అమ్మాయి చేత ట్రైనింగ్ వీడియోలకు స్క్రిప్టులు రాయించుకుని నెలల తరబడి "అకౌంట్స్‌లో ఉంది మేడం" అంటూ తిప్పింది. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చేసరికి ఆ డబ్బు మీద ఆశ వదిలేసుకుంది. ఆమెకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు ఉంది, పని మొదలుపెట్టకముందు నుంచీ ఉంది. బ్యాంకువాళ్లు అడిగితే ఎప్పుడో చేయించిందట. దాని విలువ ఆమెకు తెలియదు.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం ఎంఎస్ఎంఈ చట్టం 2006లో వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సేవ పొందినవాళ్లు ఒప్పుకున్న గడువులో డబ్బు కట్టాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. రాతపూర్వక గడువే లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ ఎంఎస్ఎంఈ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే అది ఇలాంటి బాకీలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళుతుంది. ఇంకొకటి, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అనే నియమం చేర్చారు. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమల్లో ఉంది. మనలాంటివాళ్లకు గడువులోగా కట్టని సొమ్మును ఆ కంపెనీ ఆ ఏడాది తన ఖర్చుగా చూపించుకోలేదు, అసలు కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. అంటే ఆ సొమ్ము మీద అప్పటికి వాళ్లు పన్ను కట్టుకోవాలి. ఆ అమ్మాయి ఈ రెండూ ప్రస్తావిస్తూ, ఉద్యమ్ నంబరు వేసి, మర్యాదగా ఒక మెయిల్ రాసింది. డబ్బు మార్చి నెలాఖరులోపు వచ్చింది.

ఉద్యమ్ నమోదుకి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ సైట్‌లో మనమే చేసుకోవచ్చు. డబ్బు తీసుకుని చేయిస్తామనే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి, చూసుకోండి. పని ఒప్పుకోకముందే నమోదు ఉండాలి, బాకీ పడ్డాక చేయించుకుంటే పాత బాకీకి చిక్కొస్తుంది. విదేశీ క్లయింట్ల మీద మాత్రం ఈ చట్టం పనిచేయదు. వాళ్ల విషయంలో అడ్వాన్సు, విడతలు, ఎస్క్రో, ఇవే మనకు దిక్కు. పెద్ద పనైతే నాలుగు ముక్కలు చేయండి. ఒక ముక్క డబ్బు వచ్చాకే రెండో ముక్క.

పన్నుల గురించి త్వరగా చెబుతాను, మీ మీ వివరాలకు ఆడిటర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మనం నిజంగా భయపడాల్సినంత ఇందులో లేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ సెక్షన్ కింద ఐటీ, ఇంజనీరింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ, అకౌంటెన్సీ, ఇంటీరియర్ డెకరేషన్ లాంటి కొన్ని వృత్తులవాళ్లు రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు, ఖర్చుల రసీదులు అడగరు. రాబడి పరిమితి 50 లక్షలు, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షలు. దాని స్థానంలో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం (2025)లో సెక్షన్ల నంబర్లు మారాయి, పద్ధతి మాత్రం కొనసాగుతోంది. మీ పని ఆ జాబితాలోకి వస్తుందో లేదో ఆడిటర్‌ని అడగండి. డిజైన్, రచన, ట్యూషన్ లాంటివాటికి జవాబు అంత తేలిక కాదు. ఇందాకటి 8,75,000నే తీసుకోండి. సగం 4,37,500. కొత్త పన్ను విధానంలో 2025 బడ్జెట్ తర్వాత 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. కానీ 4 లక్షలు దాటింది కాబట్టి రిటర్ను వేయాల్సిందే.

ఇక్కడ ఒక జాగ్రత్త. రాబడి అంటే క్లయింటు చెల్లించిన మొత్తం, ప్లాట్‌ఫాం వాటా కోసుకున్నాక మన బ్యాంకుకి వచ్చింది కాదు. ఆ వాటా మన ఖర్చు. ఈ తేడా తెలియక తక్కువ చూపించినవాళ్లకు తర్వాత తలనొప్పి. దేశంలోని కంపెనీలు పనిని బట్టి 10 శాతం దాకా టీడీఎస్, అంటే ముందస్తు పన్ను, కోసి పంపుతాయి. అది పోయిన డబ్బు కాదు, రిటర్ను వేస్తే మన పన్నులో సర్దుబాటు అవుతుంది, ఎక్కువైంది తిరిగి వస్తుంది. అది మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను సైట్‌లో మూడు నెలలకోసారి చూసుకోండి. పన్ను 10 వేలు దాటేవాళ్లు, 44ఏడీఏలో ఉంటే, మార్చి 15లోగా అడ్వాన్స్ ట్యాక్స్ కట్టేయాలి. వృత్తి పన్ను కూడా మరవకండి. రాజ్యాంగం ప్రకారం అది ఏడాదికి 2,500 మించదు.

జీఎస్టీ మన రెండు రాష్ట్రాల్లో సేవలకు 20 లక్షలు దాటితే. ఆ 20 లక్షల్లో విదేశాలకు చేసిన పని కూడా కలుస్తుంది. విదేశీ పని ఎగుమతి కాబట్టి దాని మీద పన్ను సున్నా. అయితే రిజిస్టరైనవాళ్లు ఏటా ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఇవ్వాలి. మొదటి ఏడాది ఇచ్చి రెండో ఏడాది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఈ లెక్కలన్నీ చేయాలంటే ముందు ఒక పని చేయాలి. రెండు బ్యాంకు ఖాతాలు పెట్టుకోండి. రాబడి అంతా ఒకదాంట్లోకి. ప్రతి నెలా ఒకటో తారీకున దాంట్లోంచి ఇంటి ఖాతాకి మీరు నిర్ణయించుకున్న జీతం. 1 లక్ష వచ్చిన నెలా అంతే, 20 వేలు వచ్చిన నెలా అంతే. మంచి నెలల్లో మిగిలిందే చెడ్డ నెలల్లో జీతం ఇస్తుంది. ఇలా చేసినప్పుడు ఇంట్లో అమ్మకీ నాన్నకీ కూడా ఒక ధైర్యం వస్తుంది. "ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో ఏదో చేస్తుంటాడు" అనే మాట పోతుంది. సంబంధాలు చూసేటప్పుడు "అబ్బాయి ఏం చేస్తాడు" అంటే చెప్పడానికి ఒక జవాబుంటుంది. ఇంటి లోనుకి వెళితే బ్యాంకువాళ్లు అడిగేది రెండు మూడేళ్ల రిటర్నులే. వీసాకి వెళ్లినా అవే. ఏళ్లపాటు మంచి సంపాదన ఉండీ, రిటర్నులు లేక లోను రాక, చివరికి చెల్లెలి పెళ్లికి వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కినవాళ్లను నేను చూశాను. చాలా బాధేసింది.

ఆరోగ్య బీమా రేపటికి వాయిదా వేయకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

ఇక మీ ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలో ఒక యువకుడు: మేడం, నేను చేసే పని ఇప్పుడు ఏఐ నిమిషంలో చేసేస్తోంది. గంటల లెక్కన రేటు పెట్టమంటే ఎలా?)

మంచి ప్రశ్న, బాబూ. గంటల లెక్క నీ కోసం, క్లయింటు కోసం కాదు. నీకు ఎంత రావాలో తెలుసుకోవడానికి అది. క్లయింటుకి మాత్రం పని మొత్తానికి ఒక ధర చెప్పు. నా పనిలోనూ మొదటి డ్రాఫ్టు ఇప్పుడు తొందరగా తయారవుతోంది. కానీ ఆ డ్రాఫ్టులో ఏది తప్పో చెప్పాలంటే ఆ ఉత్పత్తిని వాడి చూసినవాళ్లు కావాలి. కంపెనీ ఇంజనీరుతో కూర్చుని మాట్లాడినవాళ్లు కావాలి. తప్పు వస్తే నాది బాధ్యత అని సంతకం పెట్టేవాళ్లు కావాలి. ఆ బాధ్యతకు ధర కట్టు. టైపింగ్‌కి ధర కట్టే రోజులు పోయాయి, అది నేను దాచను. కేవలం డేటా ఎంట్రీ మీదే ఉన్నవాళ్లు ఈ ఏడాదిలోనే ఇంకో మెట్టు ఎక్కాలి. డేటా ఎంట్రీ అన్నాను కాబట్టి ఇంకో మాట. ముందు మీరే డబ్బు కట్టండి, పని ఇస్తాం అంటే అది పని కాదు. ఫారాలు నింపించుకుని, తప్పులున్నాయి, కేసు వేస్తాం అని బెదిరించేవాళ్లున్నారు. భయపడి కట్టకండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

(ఒక యువతి: నేను ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు డిజైన్ పని చేస్తున్నాను. ఇవన్నీ నాకూ వర్తిస్తాయా మేడం?)

వర్తిస్తాయమ్మా. ముందు నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదువు. బయటి పని చేయకూడదని ఉందా, నువ్వు తయారుచేసేదంతా కంపెనీదేనని ఉందా అని చూడు. ఉంటే రాతపూర్వక అనుమతి అడుగు. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మాత్రం ఒక్క గీత కూడా గీయకు. పన్నుకి జీతం, ఈ రాబడి రెండూ ఒకే రిటర్నులో చూపించాలి.

(మరొకరు: డల్లాస్‌లో మా పెదనాన్నగారి అబ్బాయి రెస్టారెంట్‌కి వెబ్‌సైట్, ఆర్డర్ యాప్ చేస్తున్నాను. డబ్బులు ఇక్కడ పెదనాన్నగారి అకౌంట్ నుంచి ఫోన్‌పే చేయిస్తున్నాడు. ఇది కూడా ఎగుమతేనా?)

ఇది అడిగినందుకు సంతోషం, మన జిల్లాల్లో ఇలాంటివి చాలా జరుగుతున్నాయి. జీఎస్టీ చట్టం దృష్టిలో సేవ ఎగుమతి కావాలంటే ఉన్న షరతుల్లో ఒకటి, చెల్లింపు విదేశీ మారక ద్రవ్యంలో రావాలి, లేదా రిజర్వ్ బ్యాంకు అనుమతించిన పద్ధతిలో రూపాయల్లో రావాలి. పెదనాన్నగారు ఫోన్‌పే చేసింది ఇక్కడి రూపాయలు. రేపు మీ టర్నోవర్ 20 లక్షలు దాటి రిజిస్టరైతే, ఆ సొమ్ము మీద 18 శాతం కట్టమని అడిగే వీలుంది. ఎగుమతి అని చూపించడానికి మీ దగ్గర ఒక్క కాగితం ఉండదు. అన్నయ్యని అక్కడి రెస్టారెంట్ ఖాతా నుంచి డాలర్లలోనే పంపమనండి. వచ్చిన ప్రతిసారీ బ్యాంకు దగ్గర ఇన్‌వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్, అంటే డబ్బు విదేశం నుంచి వచ్చిందని చూపే కాగితం, తీసుకోండి. ఏ పనికి వచ్చిందో పర్పస్ కోడ్ సరిగా వేయించండి, సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. ప్రతి విడతకీ ఆయన రెస్టారెంట్ పేరు మీద ఇన్‌వాయిస్ పంపండి. అన్నయ్యే కదా అని మానేయకండి. ఆయనకీ ఆ బిల్లు అక్కడ ఖర్చు చూపించుకోవడానికి కావాలి, అడిగి చూడండి.